పంచిపెట్టే చేతికే పరీక్ష



ఈ శీర్షికలో మనము ఒక్కొక్క నెల ఒక్కొక్క వృత్తిని గూర్చి, ఆ వృత్తిలో ఉన్నవారికి ఎదురయ్యే కష్టాన్ని గూర్చి, శోధనను గూర్చి ఆలోచించుకుంటున్నాము. ఈ నెల మన పల్లెల్లో చాలామంది పేరు కూడా వినని ఒక ఉద్యోగాన్ని గూర్చి చెప్పదలచాము. ఈ ఉద్యోగి కళలను ప్రేమించేవాడే. కాని వేదికమీద పాడేవాడు కాదు, నాటకం ఆడేవాడు కాదు. ఒక పట్టణ ప్రజల ఉమ్మడి ధర్మనిధి కార్యాలయంలో కూర్చుని, ఏ నాటక సమాజానికి ఎంత ఇవ్వాలి, ఏ సంగీత పాఠశాలకు ఎంత ఇవ్వాలి అని విచారించి, సహాయపు సొమ్మును పంచిపెట్టించేవాడు. ఆ సొమ్మును గ్రాంటు అంటారు. ఆ నిధిని కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. ఈ పని పుట్టిపెరిగింది అమెరికా దేశంలో.

"ఉన్న డబ్బు ఇచ్చెయ్యడానికి ఒక ఉద్యోగమా? దానికి చదువు కూడానా?" అని మీరు అడగవచ్చు. పెండ్లి విందులో వడ్డించినవాడిని అడిగి చూడండి. వంట చేయడం ఒక ఎత్తు, వచ్చినవారందరికీ సరిగా వడ్డించడం ఒక ఎత్తు అని అతడే చెబుతాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు అని మన పెద్దల సామెత. నవ్వుతూ చెప్పుకునే సామెతే గాని, అందులో ఎంత అన్యాయమున్నదో ఆలోచించారా? వడ్డించేవాడు మనవాడు కాకపోతే కడబంతిలో కూర్చున్నవాడి గతి ఏమిటి? ఈ నెల మనము చెప్పుకోబోయే ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నమీదనే నిలబడి ఉన్నది.

చనిపోయినవారి చెయ్యి

ముందుగా ఈ ధర్మనిధి ఎందుకు పుట్టిందో తెలుసుకుందాము. అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణానికి ఒకప్పుడు మేయరుగా ఉన్న బ్రయన్ ములన్ఫీ అనే ధనవంతుడు 1851లో మరణించాడు. ఆ రోజుల్లో వేలాది కుటుంబాలు బండ్లు కట్టుకొని పడమటి సీమకు వలసపోతూ, దారిలో ఆ పట్టణంలో ఆగేవి. డబ్బు అయిపోయి, జబ్బుపడి, అక్కడే చిక్కుకుపోయేవి. వారిమీద జాలిపడి ములన్ఫీ తన ఆస్తిలో మూడవ వంతు అలాంటి బాటసారులకే ఖర్చుపెట్టాలని వీలునామా వ్రాశాడు. మంచి మనస్సుతో వ్రాసిన మాటే. కాని కొన్నాళ్ళకు రైలు వచ్చింది. బండ్లు పోయాయి. నిధిలో డబ్బు ఉన్నది, పుచ్చుకోవలసిన బాటసారులు లేరు. పక్క వీధిలో బీదవారు ఉన్నారు గాని వారికి ఇవ్వడానికి వీలునామా ఒప్పుకోదు. చనిపోయిన చెయ్యి బ్రతికున్నవారి చేతిని పట్టి ఆపుతున్నదని అక్కడివారు ఇలాంటి వాటిని గూర్చి చెప్పుకునేవారు.

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అనే పట్టణమున్నది. అక్కడ ఫ్రెడరిక్ హారిస్ గాఫ్ అనే వకీలు క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు అధ్యక్షుడయ్యాడు. చనిపోయినవారు వ్రాసిన షరతులు బ్రతికున్నవారి కాళ్ళకు సంకెళ్ళు కాకూడదని అతడు తలంచాడు. 1914 జనవరి 2వ తేదీన క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ స్థాపించబడింది. లోకంలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ అదే. ధనవంతుడు పెద్ద మొత్తం ఇవ్వవచ్చు, సామాన్యుడు చిన్న మొత్తం ఇవ్వవచ్చు. అన్నీ ఒక్క నిధిగా ఉంటాయి. దాత కోరిన పని కాలగతిలో పనికిరానిదైతే, ఆ సొమ్మును అప్పటి అవసరానికి మళ్ళించే అధికారము ఒక సంఘానికి ఉంటుంది. మొదట్లో ఆ సంఘంలో అయిదుగురు ఉండేవారు. ఇద్దరిని బ్యాంకు ఎన్నుకునేది, మిగిలిన ముగ్గురిని పట్టణపు మేయరు, ఇద్దరు న్యాయాధిపతులు ఒక్కొక్కరిగా ఎన్నుకునేవారు. చూడండి, ఎంత జాగ్రత్తో! డబ్బు దాచినవాడు ఒక్కడే పంచకూడదు, అధికారమున్నవాడు ఒక్కడే పంచకూడదు.

మరుసటి సంవత్సరమే చికాగోలో, బోస్టన్‌లో ఇలాంటివి వెలిశాయి. 1924లో న్యూయార్కులో వచ్చింది. నేడు అమెరికాలో ఇవి ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. వీటి లెక్క మన రైతు కుటుంబాలకు సులువుగానే బోధపడుతుంది. చింతచెట్టును కొట్టి అమ్మితే ఒక్కసారి డబ్బు వస్తుంది. చెట్టును ఉంచి పండు కోసుకుంటే మనుమల కాలానికి కూడా వస్తుంది. అలాగే అసలును పెట్టుబడిగా ఉంచి, దానిమీద వచ్చే రాబడిలోనుండి ఏటా నూటికి నాలుగు, అయిదు చొప్పున మాత్రమే తీసి పంచుతారు. లక్ష డాలర్లు ఇచ్చినవాడి పేరున ఏటా నాలుగైదు వేలు పంచబడతాయి, అతడు పోయిన తరువాత కూడా.

ఆకలి ఉండగా ఆటపాటలెందుకు?

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం కలుగవచ్చు. బీదవారికి అన్నం పెట్టవలసిన డబ్బుతో నాటకాలు ఆడించడమెందుకని. తీసివేయదగిన ప్రశ్న కాదు. క్లీవ్‌లాండ్ జవాబు ఏమిటో చూద్దాము.

ఆ పట్టణం నడిబొడ్డున యూక్లిడ్ వీధి ప్రాంతంలో 1921, 1922 సంవత్సరాలలో అయిదు పెద్ద నాటకశాలలు తెరవబడ్డాయి. కాలక్రమేణా జనము ఊరి శివార్లకు తరలిపోయారు, ఇళ్ళలోకి టెలివిజన్ వచ్చింది. 1969 నాటికి అయిదింటిలో నాలుగు మూతపడ్డాయి. 1972లో రెండింటిని పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేయాలనే మాట వచ్చింది. పాఠశాలల బోర్డులో పనిచేసే రే షెపర్డ్‌సన్ అనే యువకుడు, మరికొందరు పౌరులు అడ్డం నిలిచారు. ఒక స్త్రీల సేవాసంస్థ 25,000 డాలర్లు ఇచ్చింది. 1973లో పాడుబడిన ఒక నాటకశాల వసారాలోనే కుర్చీలు వేసి, కొద్ది వారాలకని ఒక పాటల ప్రదర్శన మొదలుపెడితే అది రెండేండ్లకు పైగా నడిచింది. జనము మళ్ళీ ఆ వీధికి రాసాగారు. 1982లో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ ఆ నాటకశాలలలో ఒకటి ఉన్న భవన సముదాయాన్నే కొని, అది పరాయి చేతుల్లో పడకుండ కాపాడింది. ఆ తరువాత ఒక్కొక్కటిగా నాటకశాలలు తిరిగి తెరవబడ్డాయి. నాటకం ఉన్నచోట హోటలు ఉంటుంది, దుకాణం ఉంటుంది, టిక్కెట్లు చింపేవాడికి, నేల తుడిచేవాడికి పని ఉంటుంది. కళ అంటే పట్టుబట్టలు కట్టినవారి కాలక్షేపమే కాదు, ఎందరికో కూడు కూడ.

ఆ పట్టణంతో మన భాషకు కూడ ఒక సంబంధమున్నది. 1978 నుండి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఉత్సవాలలో తెలుగు కృతులు పాడతారు. ప్రవాసులైన మనవారు కూడ తమ పిల్లల నోట పాటను నిలుపుకోవాలనే చూస్తారు. మనిషికి రొట్టె ఒక్కటే చాలదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

కుమ్మరి చేతిలోనుండి కలము చేతికి

ఈ ఉద్యోగంలోకి ఎవరు వస్తారు? క్లీవ్‌లాండ్ ఫౌండేషన్‌లో కళల విభాగాన్ని రెండు దశాబ్దాలకు పైగా చూసిన కాథ్లీన్ సెర్వెనీ గారి దారి గమనించదగినది. ఆమె మొదట మట్టితో పాత్రలు చేసే కళాకారిణి. తరువాత రేడియోలో కళల కార్యక్రమాలు చేశారు. 1990ల మొదట్లో ఫౌండేషన్‌లో చేరారు. స్వయంగా కవిత్వం వ్రాసి, క్లీవ్‌లాండ్ హైట్స్ అనే ఊరికి ఆస్థాన కవయిత్రిగా కూడ ఉన్నారు.

ఈ క్రమంలో ఒక మర్మమున్నది. మట్టి తొక్కినవారికి ఆవంలో పగిలిపోయిన కుండ ఎంత నష్టమో తెలుసు. అమ్ముడుపోని సరుకుతో ఇంటికి తిరిగివచ్చే సాయంకాలం ఎలాగుంటుందో తెలుసు. రేడియోలో పనిచేసినవారికి ఎదుటివారి చేత మాట్లాడించడం, విన్నదాన్ని నాలుగు మాటల్లో చెప్పడం తెలుసు. ఈ రెండూ కలిస్తేనే మంచి గ్రాంటు అధికారి. ఒట్టి లెక్కలు వచ్చినవాడికి కళాకారుని బాధ తెలియదు. ఒట్టి కళాకారునికి లెక్క చూసే ఓపిక ఉండదు.

రోజువారీ పని ఎలాగుంటుంది? ఒక చిన్న నాటక సమాజం ఇరవై వేల డాలర్లు అడుగుతూ దరఖాస్తు పెట్టిందనుకోండి. అధికారి మొదట వారి పెద్దలెవరో, నిరుడు లెక్కలు ఆడిట్ అయ్యాయో లేదో, టిక్కెట్లమీద ఎంత వచ్చిందో, చందాల వల్ల ఎంత వచ్చిందో చూస్తారు. అడిగిన పనికి ఆ డబ్బు చాలుతుందా, లేక ఎక్కువా అని లెక్క కడతారు. తరువాత స్వయంగా వెళ్ళి వెనక వరుసలో కూర్చుని నాటకం చూస్తారు. తిరిగివచ్చి, ఎందుకు ఇవ్వాలో, ఇస్తే ఏ ప్రమాదమున్నదో సంఘానికి ఒక నివేదిక వ్రాస్తారు. ఇవ్వాలని నిర్ణయించేది సంఘము. నిర్ణయమైన తరువాత ఒప్పందం, డబ్బు పంపడం, ఆ పిమ్మట పని ఎంతవరకు వచ్చిందో చెప్పే నివేదికలు. ఇలాంటి దరఖాస్తులు ఏటా ఎన్నో చూస్తూ, ఏండ్ల తరబడి ఇదే పని.

ఇందులో ఒక చిక్కున్నది. అది మన సంఘాలవారికి బాగా తెలిసినదే. మందిరం కట్టడానికి దాతలు దొరుకుతారు, గోడమీద పేరు చెక్కించుకుంటారు. ఆ మందిరానికి నెలనెలా కరెంటు బిల్లు కట్టే దాత దొరకడు. అక్కడి కళాసంస్థల గతి కూడ అంతే. కొత్త నాటకానికి, కొత్త కార్యక్రమానికి గ్రాంటు దొరుకుతుంది. ఇంటద్దెకు, గుమాస్తా జీతానికి, పైకప్పు మరమ్మతుకు దొరకదు. దానితో పాపం, వారు బ్రతకడానికే ఏడాదికొక కొత్త పని కల్పించుకుంటారు. ఇది ఎరిగిన అధికారి తన సంఘాన్ని ఒప్పించి, రోజువారీ ఖర్చులకే కొంత సొమ్ము ఇప్పిస్తారు. అందులో ఎవరికీ పేరు రాదు. కాని సంస్థ బ్రతుకుతుంది.

లేదని చెప్పడం

ఈ పనిలో అన్నిటికంటె కష్టమైనది లేదని చెప్పడం. అడిగేవారు ఎప్పుడూ ఎక్కువ, ఉన్న సొమ్ము ఎప్పుడూ తక్కువ. మన వైపు మర్యాదగా లేదనడానికి ఒక పద్ధతి ఉన్నది. "చూద్దాము లెండి" అంటారు. అడిగినవాడు ఆశతో నాలుగు సార్లు తిరుగుతాడు, బస్సు ఛార్జీలు పెట్టుకుంటాడు, చివరకు తనంతట తానే గ్రహించి మానుకుంటాడు. దీనిని మనము మర్యాద అనుకుంటున్నాము. నిజానికి ఇది బీదవాని కాలాన్ని, డబ్బును దొంగిలించడమే. మంచి గ్రాంటు అధికారి త్వరగా లేదని చెబుతారు, కారణము చెబుతారు, వచ్చే ఏడు ఏమి సరిచేసుకొని రావాలో చెబుతారు. వేరొకచోట దొరికే వీలుంటే ఆ చోటు చెబుతారు. ఇంటిలో పిల్లలకైనా, ఊరిలో అప్పు అడిగినవారికైనా మనము ఈ పద్ధతి నేర్చుకుంటే ఎంత మేలు!

రెండవ శోధన పొగడ్త. ఈ కుర్చీలో కూర్చున్ననాటినుండి ఎవరూ ముఖాన తప్పు చెప్పరు. అతని హాస్యానికి అందరూ నవ్వుతారు. అతని సలహా అందరికీ అమూల్యమే. కొంతకాలానికి ఆ డబ్బు తనదేనని, ఆ గౌరవం తనకేనని భ్రమ కలుగుతుంది. అందుచేతనే పద్ధతిగా నడిచే సంస్థలలో వ్రాతపూర్వకమైన కట్టుబాట్లు ఉంటాయి. తన బంధువుకో, తాను సభ్యుడుగా ఉన్న సమాజానికో సంబంధించిన దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు ఆ సంగతి ముందే తెలియజేసి, గది విడిచి బయటకు వెళ్ళాలి. మనిషి మంచివాడు కాడని కాదు. మంచివాడినే కాపాడడానికి.

ఈ జాగ్రత్త మనకు కొత్తది కాదు. ఆదిమ సంఘంలో అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు చిన్నచూపు చూడబడుతున్నారని సణుగు పుట్టినప్పుడు, ఆ పని చూడడానికి మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకొన్న సంగతి అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో చదువుతున్నాము. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు తన వెంట నమ్మకమైన ఇతరులను కూడ పెట్టుకొన్నాడు. ఒక్కడే పట్టుకెళ్ళలేదు.

కడబంతివారు ఎవరు?

క్లీవ్‌లాండ్‌లో లోకప్రసిద్ధమైన ఒక వాద్యబృందమున్నది, 1918లో స్థాపించబడినది. ఘనమైన కళా ప్రదర్శనశాల ఉన్నది, 1916లో తెరవబడినది. అదే పట్టణంలో 1915లో జెల్లిఫ్ దంపతులు ఒక ప్రెస్బిటేరియన్ సంఘపు తోడ్పాటుతో ఒక పేటలో మొదలుపెట్టిన చిన్న సేవాగృహము, తరువాతి రోజుల్లో కరామూ హౌస్ అనే పేరుతో నల్లజాతివారి నాటకానికి పెద్ద ఆలయమైనది. వర్ణభేదం బలంగా ఉన్న ఆ రోజుల్లో తెల్లవారు నల్లవారు కలిసి ఒకే వేదికమీద నటించిన చోటు అది. పెద్ద వాద్యబృందానికి దరఖాస్తు వ్రాయడానికే గుమాస్తాలుంటారు. పేటలోని చిన్న సమాజానికి రాత్రి పని ముగించుకొని వచ్చి ఎవరో ఒకరు వ్రాయాలి. చక్కగా వ్రాసిన కాగితానికే డబ్బు ఇస్తే ఎప్పుడూ పై బంతికే వడ్డన జరుగుతుంది. అందుచేత మంచి అధికారి కాగితం చూసి ఆగిపోరు, పేటకు వెళ్ళి చూస్తారు.

ఆ పట్టణంలో ఇంకొక బరువైన ప్రశ్న తలెత్తింది. ఫౌండేషన్ల సొమ్ము ఒక్కటే కళాసంస్థలకు చాలదని తెలిసి, 1997లో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్, గండ్ ఫౌండేషన్ కలిసి కళల భవిష్యత్తుకు ప్రణాళిక వేసే ఒక సంస్థను నిలబెట్టాయి. ప్రజలే పన్ను రూపంగా కొంత ఇవ్వాలనే ప్రయత్నం జరిగింది. 2004లో ఆస్తి పన్నును గూర్చి ఓటుకు పెడితే ప్రజలు కాదన్నారు. 2006 నవంబరులో సిగరెట్లమీద పన్ను వేయడానికి ఒప్పుకున్నారు. ఒక్కొక్క సిగరెట్టుకు సెంటున్నర, అనగా పెట్టెకు 30 సెంట్లు. 2015లో దానిని కొనసాగించడానికి ఓటు వేశారు. పొగ త్రాగేవారు తగ్గేకొలది రాబడి తగ్గిపోయింది. 2024 నవంబరులో పెట్టెకు 70 సెంట్లకు పెంచడానికి ఓటు వేశారు.

"పొగ త్రాగేవాడి దగ్గర తీసుకుంటే మంచిదే కదా" అని మనము వెంటనే అనవచ్చు. కాని నిదానించండి. నేడు అమెరికాలో పొగ త్రాగడం కలిగినవారిలో కంటె బీదవారిలోనే ఎక్కువ. అంటే కూలివాడి సెంట్లతో కలిగినవాడి సంగీతం నడిచే ప్రమాదమున్నది. పైగా జనము ఆరోగ్యం బాగుపడేకొలది కళలకు ఆదాయం పడిపోతుంది. ఇది ఎంత విచిత్రమైన ముడి! దీనిని ఏ అధికారీ ఒక్కరోజులో విప్పలేరు. కాని ఒక న్యాయం మాత్రం స్పష్టమే. ఎవరి చేతిలోనుండి తీసుకున్నారో వారి ఇంటికే అది తిరిగి చేరాలి. ఆ కూలివాని కూతురికి వయొలిన్ నేర్పే బడి వాళ్ళ పేటలో ఉన్నదా? ఆ కుటుంబం నాటకం చూడడానికి వస్తే లోపలికి రానిస్తున్నారా? గ్రాంటు ఇచ్చేవారు అడగవలసిన ప్రశ్న ఇదే.

మన మాట

మన దేశంలో కూడ ఇలాంటి పనులు ఉన్నాయి. కళాకారులకు గ్రాంటులిచ్చే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ 1993లో బెంగళూరులో స్థాపించబడింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక పరిమితికి మించిన పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజసేవకు ఖర్చుపెట్టాలి. సంప్రదాయ కళలు, చేతిపనులు కూడ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ సొమ్ము పంచడానికి మనుషులు కావాలి. కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డకు బొమ్మలమీద, పాటమీద, నాటకంమీద మనస్సున్నదని బెంగపెట్టుకోవద్దు, తిట్టవద్దు. దానితో పాటు లెక్కలు వ్రాయడం, ఉత్తరం చక్కగా వ్రాయడం, ఎదుటివారి మాట చివరిదాకా వినడం నేర్పించండి. ఈ నాలుగూ కలిసినవారికి ఎక్కడైనా పని ఉన్నది.

ఇక పుచ్చుకునేవారికి ఒక మాట. మన స్త్రీల పొదుపు సంఘమైనా, యువజన సమాజమైనా, భజన బృందమైనా, ఎవరైనా సహాయం చేస్తే మూడు పనులు మరువవద్దు. ప్రతి రూపాయికి రసీదు దాచండి. అనుకున్న పని సగమే జరిగితే సగమే జరిగిందని చెప్పండి. మిగిలిన డబ్బును అడగకముందే తెలియజేయండి. ఇలా చేసినవారిని ఇచ్చినవారు మరువరు.

ఇచ్చే స్థానంలో ఉన్నవారికి కూడ ఒక మాట. వేలకోట్ల నిధి మన చేతిలో ఉండనక్కరలేదు. సంఘపు బీదల పెట్టె ఉన్నది, బడిలో పిల్లలకు వచ్చిన నోటు పుస్తకాలున్నాయి, తుఫాను వచ్చినప్పుడు పంచే బియ్యమున్నది. పంచేది మన చేయి అయిన నాడు, మొదట మన కన్ను ఎవరిమీద పడుతుంది? ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టేవానిమీదనా, లేక దూరంగా నిలిచి అడగడానికి సిగ్గుపడేవానిమీదనా? ఈ నెల మీ ఇంటిలో భోజనాల వేళ ఈ ప్రశ్నను పిల్లలతో కలిసి మాట్లాడుకోండి. వడ్డించేవాడు ఎవరివాడైనా సరే, కడబంతివాని విస్తరి నిండితేనే విందు సాగినట్టు.